గోధుమల ఓడ, తొమ్మిది రోజుల వాన

గోధుమ తడవకూడదు. చినుకు పడిందంటే సరుకు గదుల మీది మూతలు, హాచ్‌లు, మూసెయ్యాలి, క్రేన్లు ఆపెయ్యాలి, కళాసీలు షెడ్డు కిందకి పోయి కూర్చోవాలి. 1997 మే నెలలో మా ఓడ అర్జెంటీనాలో గోధుమలు ఎత్తుకుని బ్రెజిల్‌లో సాల్వదోర్ రేవుకి వచ్చింది. మూడు రోజుల్లో దింపేసి బయటపడాలని లెక్క. ఆ ఊళ్ళో ఏప్రిల్ నుంచి జూలై దాకా వానలేనని మాలో ఎవరికీ తెలీదు. మూడు రోజుల పని తొమ్మిది రోజులు పట్టింది. కంపెనీకి నష్టం, కెప్టెన్‌కి బీపీ. నాకు మాత్రం ఒక మంగళవారం మిగిలింది.

అప్పుడు నాకు ఇరవై నాలుగు. ఫిఫ్త్ ఇంజనీర్ని, అంటే ఇంజన్ రూములో ఎవరైనా తిట్టగలిగే మనిషిని. నూనె శుభ్రం చేసే ప్యూరిఫయర్లు విప్పడం, కడగడం, బిగించడం, మళ్ళీ విప్పడం. మాది వైజాగ్, వన్ టౌన్. నాన్న పోర్టులో కళాసీ. ముప్పై ఏళ్ళు ఓడల హోల్డుల్లోకి, అంటే సరుకు గదుల్లోకి, దిగి బస్తాలు మోశాడు గాని, ఒక్క ఓడ ఇంజన్ రూము కూడా చూడలేదు. నేను ఇంజన్ రూములోనే బతుకుతూ హోల్డు వైపు వెళ్ళేవాణ్ణి కాదు. అందుకేనేమో ఏ రేవుకి వెళ్ళినా నా చూపు ముందు కళాసీల మీదే పడేది. ఎలా ఎత్తుతున్నారు, తల మీద ఏం కట్టుకున్నారు, మేస్త్రీ ఎవరు అని.

సాల్వదోర్ కళాసీలు వానపడ్డంతసేపూ షెడ్డు కింద డామినోలు ఆడేవాళ్ళు. పక్కన ఒక ట్రాన్సిస్టరు. ఆ ఏడాది ఆ ఊళ్ళో రేడియో ఎప్పుడు పెట్టినా 'ఎ ఓ చాన్' అనే బ్యాండు పాటలే వచ్చేవి. నడుం తిప్పుడు పాటలు. వాళ్ళలో ఒకాయన, యాభై పైబడిన మనిషి, ఆ రేడియో గోల పట్టించుకోకుండా జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. సగం తెరిచి ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి వేళ్ళతో దాని మీద తట్టడం మొదలుపెట్టాడు. లోపల పుల్లలు గలగలమంటున్నాయి. బొటనవేలితో పెట్టెని కాస్త మూస్తే ఒక చప్పుడు, తెరిస్తే ఇంకో చప్పుడు. రెండు నిమిషాల్లో డామినోలు ఆడే వాళ్ళ భుజాలు కూడా కదలడం మొదలయ్యాయి. ఆట మాత్రం ఆగలేదు. నేను గ్యాంగ్‌వే మీద, చేతిలో పాత గుడ్డ, బాయిలర్ సూటు నిండా నూనె, అలాగే నిలబడిపోయాను. కిందనుంచి సెకండ్ ఇంజనీర్ కేక వినిపించేదాకా.

అప్పటికి బ్రెజిల్ సంగీతమంటే నాకు తెలిసింది లంబాడా ఒక్కటే. 1989లో ప్రపంచమంతా ఊగినట్టే ఏడాది తిరక్కుండా జగదాంబ దగ్గర క్యాసెట్ కొట్లు కూడా ఊగాయి. మన లంబాడీల పాటని ఫారిన్ వాళ్ళు ఎత్తుకుపోయారని మా క్లాసులో ఒకడు చాలా సీరియస్‌గా వాదించాడు. వాడి మాటలో సగం నిజమే. ఎత్తుకుపోయారు గాని మన దగ్గర కాదు, ఆ ట్యూను బొలీవియా వాళ్ళది. పాట విడుదలైంది ఫ్రాన్సులో. పాడినావిడ మాత్రం బ్రెజిల్ మనిషే.

ఇంకొకటి కూడా ఉంది గాని, అది బ్రెజిల్ అని నాకు తెలీదు. అంతకు ముందు ఏడాది మైకేల్ జాక్సన్ కొత్త వీడియో ఒకటి కేబుల్‌లో తెగ వేసేవాడు. రంగురంగుల పాత మేడల వీధి, వెనక ఒకటే గుంపుగా డ్రమ్ముల వాళ్ళు. అందరూ జాక్సన్‌ని చూస్తుంటే నేను ఆ డ్రమ్ముల వాళ్ళని చూసేవాణ్ణి. డ్రమ్ముని రెండు చేతులా తల మీదకి ఎత్తి కిందకి దించేలోగా దెబ్బ తప్పకుండా ఎలా కొడుతున్నారా అని.

మా ఓడలో గోవా నుంచి ఒక కుక్ ఉండేవాడు. నాకంటే ముప్పై ఏళ్ళు పెద్ద, అంకుల్ అని పిలిచేవాణ్ణి. 1961కి ముందు పోర్చుగీసు బళ్ళో చదువుకున్నవాడు. వేరే దేశాల్లో మాకు తిండి పెట్టే మనిషి, బ్రెజిల్‌లో మాకు నోరు కూడా ఆయనే. ఆ మంగళవారం సాయంత్రం గ్యాలీ, అంటే ఓడ వంటిల్లు, కట్టేసి, సెంటు రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని నా కేబిన్ తలుపు కొట్టాడు. "పైకి పోదాం పద. ఈ ఊళ్ళో మంగళవారం దేవుడిది" అన్నాడు.

పైకి అంటే నిజంగా పైకే. సాల్వదోర్ రెండంతస్తుల ఊరు. రేవూ బజారూ కింద, పాత రాజధాని కొండ మీద. 1549లో కట్టిన ఊరు, 1763 దాకా బ్రెజిల్‌కి అదే రాజధాని. రెంటినీ కలుపుతూ డెబ్భై రెండు మీటర్ల లిఫ్టు ఒకటి ఉంది, లసెర్దా అని, 1873 నుంచి ఊళ్ళో జనాన్ని కిందికీ పైకీ మోస్తూనే ఉంది. చిల్లర పైసలతో ఎక్కేశాం. దిగగానే రేవంతా కాళ్ళ కింద కనపడింది. మా ఓడ అగ్గిపెట్టంత ఉంది.

ఫ్రాన్సిస్కో స్వామి చర్చిలో మంగళవారం బీదవాళ్ళకి రొట్టెలు పంచేవాళ్ళు. అంకుల్ ముందు అక్కడికి తీసుకెళ్ళాడు. లోపల గోడలన్నీ చెక్కుడు పని, దాని మీద అంతా బంగారు పూత. గుమ్మంలో రొట్టె కోసం వరస. ఆ వరసలో ఉన్న వాళ్ళ మీంచి ఆ బంగారం వైపు చూడ్డానికి నాకెందుకో మొహమాటంగా అనిపించింది.

బయట మూల మీద తెల్ల లంగా, తెల్ల తలపాగా కట్టుకున్న ఒకావిడ పెద్ద మూకుడు ముందు కూర్చుని ఏదో వేయిస్తోంది. నూనె రంగు మన వంటనూనెలా కాదు, కుంకుమ కలిపినట్టు ఎర్రగా ఉంది. దెందే అంటారు, తాటిజాతి పండు నూనె, ఆఫ్రికా నుంచి వచ్చింది. ఆవిడ గరిటెతో పిండి తీసి ఇంకో గరిటెతో గుండ్రంగా చేసి జారవిడుస్తోంది. పిండి వాసన ముక్కుకి తగలగానే గుర్తుపట్టాను. అలసంద గారె! పొట్టు తీసిన అలసందలు, ఉల్లిపాయ, ఉప్పు. మా అమ్మ చేసే దాంట్లో అల్లం, పచ్చిమిర్చి ఎక్కువ, అంతే. అకరజే అంటారు దాన్ని. మధ్యకి చీల్చి లోపల రొయ్యలూ బెండకాయ కూరా కూరి, "కారం కావాలా" అని అడిగింది. అంకుల్ నాకోసం కావాలన్నాడు. ఆరు నెలలుగా ఓడ తిండి తిన్న నోటికి ఆ గారె తగిలితే ఏమవుతుందో రాయడం నా వల్ల కాదు. రెండోది అడిగాను. మూడోది కూడా.

మూడోది చేతిలో ఉండగా డ్రమ్ములు వినపడ్డాయి.

వినపడ్డాయి అనడం కూడా సరికాదు. ముందు కాళ్ళకి తెలిసింది. అక్కడి వీధులు నల్ల రాళ్ళు పరిచిన వీధులు, ఆ రాళ్ళలోంచి ఏదో పాకుతూ వచ్చింది. ఆ తర్వాత పొట్టకి, ఆ తర్వాత చెవులకి. సందు మలుపు తిరిగి వాళ్ళు వచ్చారు. నలభై మంది ఉంటారేమో. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు రంగులేసిన డ్రమ్ములు, వాటి మీద ఒలొదుమ్ అన్న పేరు. వీధి చూశాను, మేడలు చూశాను, డ్రమ్ములు గాల్లోకి లేవడం చూశాను. వైజాగ్‌లో మా ఇంటి టీవీలో కనపడిన వీధి అది. నేను దాని మధ్యలో గారె పట్టుకుని నిలబడి ఉన్నాను.

ముందు వరసలో పెద్ద డ్రమ్ములు, సుర్దు అంటారు, పీపా అంత ఉంటుంది ఒక్కొక్కటి, నడుముకి పట్టీతో వేలాడేసుకుంటారు. అందులో రెండు రకాలు ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటాయి. ఒకటి "దుమ్" అంటుంది, కాస్త ఆగి రెండోది ఇంకాస్త పై స్థాయిలో "దుమ్" అంటుంది. అవి రెండూ కొండల్లా కదలవు. వాటి మధ్య ఖాళీలో ఇంకాస్త చిన్న సుర్దులు దొర్లుతూ ఉంటాయి. వెనక సన్నటి ప్లాస్టిక్ పుల్లలతో కొట్టే హెపీకీలు, టపటపమని రేకు మీద వడగళ్ళు పడ్డట్టు. టీవీలో చూసిన రియో సాంబా పరుగెత్తుతుంది. ఇది పరుగెత్తదు, నడుస్తుంది. వెనక్కి కాస్త వాలి, తాపీగా, దారి మనదే అన్నట్టు. ముందు ఒక మనిషి వెనక్కి నడుస్తూ వేళ్ళతో సైగలు చేస్తాడు. ఒక వేలు చూపిస్తే ఒక వరస ఆగిపోతుంది, పిడికిలి బిగిస్తే మొత్తం ఆగిపోతుంది. ఆ ఆగిన అరసెకనులో వీధంతా ఊపిరి బిగపట్టింది. మళ్ళీ సుర్దు పడగానే ఎవరూ చెప్పకుండానే జనమంతా ఒకే అడుగు కుడికి వేశారు. నేను ఎడమకి వేసి ఒక పెద్దావిడ కాలు తొక్కాను. ఆవిడ నా భుజాలు పట్టుకుని కుడికి తిప్పింది. అలా వచ్చింది నాకు ఆ డాన్సు, వచ్చినంత మేరకు.

మా అమ్మ వాళ్ళ ఊరు విజయనగరం వైపు. చిన్నప్పుడు అక్కడ తప్పెటగుళ్ళ వాళ్ళు రేకు తప్పెట గుండెలకి కట్టుకుని, గజ్జెలతో ఎగిరి తిరుగుతూ వాయిస్తుంటే, వీళ్ళు వాయిస్తూ ఆడుతున్నారా, ఆడుతూ వాయిస్తున్నారా అని మా తాతని అడిగాను. "రెండూ ఒకటేరా" అన్నాడు. దానికీ దీనికీ చుట్టరికం ఉందని నేననను. ఎక్కడి ఆఫ్రికా, ఎక్కడి గజపతినగరం. తాత మాట గుర్తొచ్చింది, అంతే.

ఆట ఆగాక అంకుల్ ఒక విషయం చెప్పాడు. ఆ పేట పేరు పెలొరీన్యో. ముద్దుగా పెలో అంటారు. ఆ మాటకి అర్థం కొరడా దెబ్బల స్తంభం. బానిసల్ని కట్టేసి అందరి ముందూ కొట్టేవాళ్ళు. ఆఫ్రికా నుంచి బ్రెజిల్‌కి దించిన మనుషులు దాదాపు 48 లక్షల మంది. ఇంకే దేశానికీ అంతమంది రాలేదు. వాళ్ళలో చాలామంది ఈ రేవులోనే దిగారు. 1888 దాకా బానిసత్వం చట్టబద్ధం. అంకుల్ ఇదంతా పెద్ద కథలా చెప్పలేదు, సిగరెట్ వెలిగించుకుంటూ చెప్పాడు. "వాళ్ళని కొట్టిన చోటే వాళ్ళు కొడుతున్నారు" అన్నాడు. కొంకణి యాస హిందీలో ఆ మాట ఇంకా బాగుండింది.

మిగతా కథ నేను తర్వాత ఏళ్ళ మీద, రేవు రేవునా అడిగి, దొరికింది చదివి పోగుచేసుకున్నాను. 1970ల దాకా ఆ ఊళ్ళో కార్నివల్ అనే వీధి పండగలో తిరిగే క్లబ్బుల్లో మంచివన్నీ తెల్లవాళ్ళవే, నల్లవాళ్ళు తాళ్ళు మోయడానికీ బరువులు లాగడానికీ. 1974లో లిబెర్దాదీ అనే పేటలో కురుజూ వీధి కుర్రాళ్ళు ఇలె ఐయే అని నల్లవాళ్ళకి మాత్రమే ఒక గుంపు పెట్టారు. మరుసటి ఏడాది వీధిలోకి వస్తే, ఇది జాతివివక్ష అని ఊళ్ళో పేపరు వీళ్ళనే తిట్టింది! కాందొంబ్లే అని వాళ్ళకి ఆఫ్రికా నుంచి వచ్చిన పూజాపద్ధతి ఉంది, దేవతల్ని డోళ్ళతో పిలుస్తారు. ఆ గుళ్ళు 1976 దాకా పోలీసుల దగ్గర పేరు రాయించుకుని పర్మిషన్ తెచ్చుకోవాల్సిందే. డోలు కొట్టాలంటే ఠాణాకి వెళ్ళాలి, ఆలోచించండి.

1979లో పెలోలో ఒలొదుమ్ పుట్టింది. ఇలె ఐయేలో డోలు నేర్పే నెగీన్యో దు సాంబా కొన్నేళ్ళకి ఇక్కడికి వచ్చాడు. అప్పటికి బాబ్ మార్లే పాటలు ఆ ఊళ్ళో ఇంటింటా మోగుతున్నాయి. ఆయన గుడి డోలు దెబ్బనీ, వీధి సాంబానీ, జమైకా రెగ్గేనీ ఒక్క చోట కూర్చోబెట్టాడు. సాంబా-రెగ్గే అన్నారు. నన్ను ఆ రాళ్ళ వీధిలో కదిపింది ఆయన కట్టిన లెక్కే. 1987 కార్నివల్‌కి వీళ్ళు ఈజిప్టు ఫారోల మీద పాట కడితే, ఫారోలు కూడా ఆఫ్రికా వాళ్ళేగా అని ఊరు ఊరంతా టూటన్‌ఖామెన్ పేరు పాడుకుంటూ తిరిగింది. చరిత్ర పుస్తకంలో పేర్లకి అంతకంటే గౌరవం నేనెక్కడా వినలేదు. ఆ పాటని మొదట రికార్డు చేసిన వాళ్ళలో ఒకరైన మార్గరెత్ మెనెజెస్ 2023లో ఆ దేశానికి సాంస్కృతిక మంత్రి అయింది. ముందు అమెరికా పాటగాడు పాల్ సైమన్, తర్వాత 1996లో జాక్సన్ ఈ వీధికి వచ్చింది ఈ డ్రమ్ముల కోసమే. మేం మాత్రం వాళ్ళ కోసం ఈ వీధిని చూశాం.

ఇదే దెబ్బని ఎలక్ట్రిక్ గిటార్లతో కలిపి సినిమా పాటలంత హిట్ చేస్తే దానికి అషే మ్యూజిక్ అని పేరొచ్చింది. ఒక జర్నలిస్టు వెక్కిరింపుగా పెట్టిన పేరు, అదే నిలబడిపోయింది. అందులో నాకు నచ్చినవి కొన్నే. అన్నీ ఒకే స్పీడు, అన్నీ చేతులు పైకెత్తమనడమే. కాని డానియేలా మెర్కురీ 1992 ఆల్బం ఇప్పటికీ వంట చేసేటప్పుడు పెట్టుకుంటాను, అబద్ధమెందుకు.

ఆ రాత్రి ఓడకి తిరిగొస్తూ వీధిలో ఒక కుర్రాడి దగ్గర ఒలొదుమ్ సీడీ కొన్నాను. నా దగ్గర సీడీ ప్లేయర్ లేదు, అది వేరే సంగతి. సింగపూర్‌లో డిస్క్‌మ్యాన్ కొని, కేబిన్ తలుపేసుకుని, పండగలా పెట్టుకున్నాను. హార్మోనియం చెల్లెలు లాంటిది ఒకటి "కుయ్యి కుయ్యి" మంది. అట్ట మీద ఒలొదుమ్, లోపల ఎవరో అకార్డియన్ ఆయన. ఫొఱో అంటారని అంకుల్ చెప్పాడు, పడీపడీ నవ్వుతూ. వేరే సీడీ లేదు కాబట్టి నాలుగు నెలలు అదే విన్నాను. ఇప్పుడు ఫొఱో కూడా ఇష్టమే.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. అదే రాత్రి, ఆ వీధిలోనే, ఒక పాత ఇంటి గుమ్మం పైన గుండు, గుండ్రటి కళ్ళద్దాలు, మీసం. నేను ఆగిపోయాను. "అంకుల్, అది మన గాంధీ కదా?"

ఆయన తలుపు దగ్గర కూర్చున్న ముసలాయన్ని అడిగి వచ్చాడు. ఫీల్యోస్ జి గాంధీ. గాంధీ కొడుకులు. కార్నివల్ గుంపు. వాళ్ళ భాషలో 'యొక్క' అనడానికి 'జి' అంటారు. మనం పేరు వెనక పెట్టిన జీని వాళ్ళు పేరుకి ముందు పెట్టారు. ఇంకా తమాషా ఏంటంటే వాళ్ళ నోట్లో 'ది' కూడా 'జి' అయిపోతుంది, కాబట్టి పూర్తిగా పలికితే "జి గాంజి".

"ఎవరు పెట్టారు?" అన్నాను.

"కళాసీలు" అన్నాడు అంకుల్. "మనం ఓడ కట్టిన రేవు కళాసీలే."

1949 కార్నివల్. గాంధీని చంపి ఏడాది దాటింది. అంతకు ముందు ఓడ కళాసీలకి 'కొత్తిమీర తింటూ' అని ఒక గుంపు ఉండేది. పేరు చూడండి. ఆ ఏడు డబ్బుల్లేక దాన్ని బయటికి తీయలేకపోయారు. ఖర్చు లేని వేషం ఏదని ఆలోచిస్తే, ఆయన పేరూ ఆయన తెల్లబట్టా దొరికాయి. పక్క దుప్పట్లు ఒంటికి చుట్టుకున్నారు, తువ్వాళ్ళు తలకి చుట్టుకున్నారు. డబ్బాలూ తోలు డోళ్ళూ పట్టుకుని, గుళ్ళో వాయించే ఇజెషా దరువు వీధిలో వాయించుకుంటూ వెళ్ళారు. ఆ రోజుల్లో నల్లవాళ్ళ గుంపు వీధిలో కనపడితే పోలీసులు లాఠీ ఎత్తేవాళ్ళు. శాంతి అని బోర్డు పట్టుకుని తెల్లబట్టల్లో వచ్చే వాళ్ళ మీద లాఠీ ఎత్తడం కాస్త కష్టమే కదా.

తిరిగొచ్చాక ఇంట్లో ఇది చెబితే నాన్న నమ్మలేదు. గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"గంజేటిరా?"

"గంజి కాదు నాన్నా, గాంధీ. ఆళ్ళలాగ పలుకుతారు."

"కళాసీలు గాంధీ ఏషమేసి డేన్సాడతారా? తాగీసా?"

"తాగరని చెప్పను గానీ..."

"మరి ఆళ్ళకి బోర్డుందా?" అన్నాడు. డాక్ లేబర్ బోర్డు. నాన్నకి ప్రపంచంలో రేవులు రెండే రకాలు, బోర్డున్నవి, లేనివి. యూనియన్ ఉందని, గట్టి యూనియనేనని చెప్పాను. "అయితే సరే" అన్నాడు. ఆ తర్వాత మాత్రం ఎవరైనా వస్తే "మావోడు బ్రెజిల్లో గాంధీ కొడుకుల్ని చూసొచ్చాడు" అని చెప్పి, నన్ను లోపల్నించి పిలిచి, సాక్ష్యం చెప్పించేవాడు. నేను గుమ్మం మీద బొమ్మ తప్ప ఏమీ చూడలేదు. కాని నాన్న చెప్పే వరసలో నేను వాళ్ళతో నడిచొచ్చాను.

ఆ నడక తొమ్మిదేళ్ళకి కుదిరింది. 2006లో సెకండ్ ఇంజనీర్ని, ఓడ సాల్వదోర్ పక్కనే అరాతూ టెర్మినల్‌కి వచ్చింది, సరిగ్గా కార్నివల్‌కి. 2004లో పోర్టు సెక్యూరిటీ కొత్త రూల్స్ వచ్చాక ఓడ దిగడమే పెద్ద యజ్ఞం. పాసు ఇప్పిస్తానన్న మనిషి శనివారమంతా ఫోనెత్తలేదు. ఆదివారం, ఫిబ్రవరి 26న, మధ్యాహ్నానికి గేటు దాటాను.

కార్నివల్ గురించి అందరూ రాసేదే, నేను ఎక్కువ రాయను. ఇల్లంత లారీల మీద స్పీకర్లు, పైన పాటగాళ్ళు. 1950లో దోదో, ఒస్మార్ అని ఇద్దరు ఒక పాత ఫోర్డ్ కారు మీద గిటార్లు వాయించుకుంటూ తిరగడంతో మొదలైన అలవాటు అది. నా కళ్ళు మాత్రం తాళ్ళ మీద పడ్డాయి. డబ్బు కట్టి టీషర్టు కొనుక్కున్న వాళ్ళు లారీ చుట్టూ తాడు లోపల ఆడతారు. ఆ తాడుని వందల మంది కూలీలు చేతులకి తొడుగులు వేసుకుని పట్టుకుని నడుస్తారు, గంటల తరబడి. లోపల ఎక్కువగా తెల్లవాళ్ళు, తాడు పట్టుకున్న వాళ్ళు ఎక్కువగా నల్లవాళ్ళు. తాడు బయట ఎగిరే జనాన్ని పిపోకా అంటారు, అంటే పేలాలు. నేనూ ఒక పేలపు గింజనై రెండు గంటలు వేగాను. ఒక తాడు మనిషి నన్ను మోచేత్తో తోశాడు, వాడి పని అది, నాకు కోపం రాలేదు.

గాంధీ కొడుకుల్ని పట్టుకోవాలంటే పెలోకి వెళ్ళాలి. వెళ్ళేసరికి వీధులన్నీ తెలుపు. అరుగుల మీద ఆడవాళ్ళు సూదీదారంతో కూర్చున్నారు. మగవాళ్ళు వచ్చి వాళ్ళ ముందు తల వంచి కూర్చుంటే, తెల్ల టర్కీ తువ్వాలు తలకి చుట్టి, జారకుండా తల మీదే కుట్టేస్తున్నారు, నుదుట నీలిరాయి పెట్టి. మెడ నిండా నీలం, తెలుపు పూసల దండలు. చేతిలో లావెండర్ సీసా, ఎదురొచ్చిన వాళ్ళ మీద చల్లడానికి, మన పెళ్ళిళ్ళలో పన్నీరులాగ. వేల మంది. 1970ల మొదట్లో పదుల సంఖ్యకి పడిపోయారట. లండన్ ప్రవాసం నుంచి తిరిగొచ్చిన పాటగాడు గిల్బెర్తో గిల్, నాలుగు డోళ్ళు పేవ్‌మెంట్ మీద పెట్టుకుని కూర్చున్న ముసలాళ్ళని చూసి, తనూ తువ్వాలు చుట్టుకుని వాళ్ళలో చేరాడు, వాళ్ళ మీద పాట కట్టాడు. నేను చూసిన ఆ ఏడు ఆయన బ్రెజిల్ సాంస్కృతిక మంత్రి.

బయల్దేరే ముందు దారులకి కాపలా కాసే దేవుడికి నైవేద్యం పెట్టారు. ఆ తర్వాత అగొగో మోగింది. రెండు ఇనప గంటలు కలిపిన వాయిద్యం, ఒకటి సన్నగొంతు, ఒకటి బొంగురు. దాని వెనక చేత్తో కొట్టే డోళ్ళు. ఒలొదుమ్‌లాగ పొట్టలో గుద్దదు ఇది. ఊయలలా ఉంటుంది, నీళ్ళ మీద పడవలా. వేల మంది తెల్లబట్టల మగవాళ్ళు భుజాలు కదుపుతూ, ఒక్క తోపులాట లేకుండా కొండ దిగి వస్తుంటే, ముందు ఒక బక్క ముసలాయన పంచె కట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని, కర్రతో గాంధీలాగే నడుస్తున్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి. పక్కనే ఇంకో గాంధీ కొడుకు ఒక అమ్మాయికి పూసల దండ ఇచ్చి బదులుగా ముద్దు అడుగుతున్నాడు. అది కూడా వాళ్ళ ఆచారమేనట. పోరుబందరులో చెప్పకండి.

నేను ఇండియా వాణ్ణని తెలిశాక ఒక పెద్దాయన నన్ను పట్టుకుని వదల్లేదు. రిటైరైన కళాసీ. భాష లేదు. నేను రేవు వైపు చూపించి, వీపు మీద బస్తా ఎత్తినట్టు చేసి, "పాయ్" అన్నాను. నాన్న. నాకొచ్చిన నాలుగు పోర్చుగీసు మాటల్లో అదొకటి. ఆయన నా చెయ్యి తీసి తన మెడ వెనక పెట్టాడు. అక్కడ కాయ కాచిన గట్టి చర్మం ఉంది. నాన్నకీ సరిగ్గా అక్కడే. రాత్రి విడిపోయేటప్పుడు తల మీది తువ్వాలు, కుట్లు ఊడకుండా టోపీలా తీసి, నా చేతిలో పెట్టాడు.

నాలుగు నెలల తర్వాత అది వైజాగ్ చేరింది. నాన్న అప్పటికి రిటైరై ఆరేళ్ళు. ఫోటోలన్నీ వరసగా చూశాడు, ఏమీ అనలేదు. తువ్వాలు చేతిలోకి తీసుకుని తిరగేసి చూశాడు. వాసన చూశాడు. "అత్తరా?" అన్నాడు. కుట్లు కనపడ్డాయి.

"ఇదేటి, కుట్టీసారు?"

"జారిపోకుండా నాన్నా."

"కళాసీగాడు తువ్వాలు కుట్టించుకోడమేటిరా! కట్టడం మర్చిపోనారా?"

అమ్మ దగ్గర బ్లేడు అడిగి కుట్లన్నీ ఒక్కొక్కటే కోశాడు. నీలిరాయి తీసి కిటికీలో పెట్టాడు. తువ్వాలు దులిపి, పొడుగ్గా మడిచి, రెండు చుట్లు చుట్టి, చివర వెనక్కి దోపి, నడినెత్తిన చుట్టకుదురులా మెత్త చేశాడు. పది సెకన్లు కూడా పట్టలేదు. తల అటూ ఇటూ గట్టిగా విదిలించి చూపించాడు. కదల్లేదు.

అమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. "సోకు చాలుగాని, బియ్యం బస్తా పొద్దుట్నుంచి గుమ్మంలోనే ఉంది" అంది.

ఇరవై అయిదు కేజీల బస్తా. నేను వంగేలోపే నాన్న లేచాడు. గుమ్మం దగ్గర మోకాళ్ళు కాస్త వంచి, మెడ నిలబెట్టి, నా వైపు చూడకుండానే అన్నాడు.

"ఎత్తించు."